మోచేతి మీది నెమలి

కిందటి వారం మనం పద్మలతను జనగామలో, కైలాసం ప్రెస్సు మెట్ల మీద వదిలేసి వచ్చాం. ఆమె చేతిలో ఒక చాయ్ గ్లాసు ఉంది. వాళ్ళమ్మ చంద్రమ్మ పెదవికి కూడా తాకించకుండా వదిలిపోయిన గ్లాసు అది. అక్షరం ముక్క రాని తల్లికి తన మొదటి పుస్తకాన్ని అచ్చుకు పోకముందే వినిపించాలని ముచ్చటపడి, బయ్యారం నుంచి పిలిపించుకుంది పద్మలత. పుస్తకానికి పేరిచ్చిన కవిత కదా అని అన్నిటికన్నా ముందు ఇరవై మూడో పేజీ తీసి చదివింది. చదవడం అయ్యేసరికి చంద్రమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. కొంగు దులుపుకుని లేచి, "నేను పోతున్న" అని రెండంటే రెండు మాటలు అని, దొరికిన బస్సెక్కి వెళ్ళిపోయింది.

సాయంత్రానికి తమ్ముడు యుగేందర్ నుంచి ఫోను.

"అక్కా, గా ఒక్క కవిత తీసెయ్యి. లేకుంటే అమ్మ ఐతారం నాడు జనగామల అడుగు వెట్టదట."

"ఎందుకట?"

"నన్ను అడుగకు. నాకు గూడ చెప్తలేదు. అన్నం తినుడు బందు వెట్టి కూసున్నది."

తీసెయ్యమంటే తీసి పారెయ్యడానికి అది చింతపండులో గింజా? పుస్తకం పేరే 'నెమలి చెయ్యి'. అట్ట మీద నెమలి బొమ్మ అచ్చయి, ఆరి, ప్రెస్సులో దొంతర కట్టి ఉంది. ఆదివారం ఆవిష్కరణ. పెళ్ళిళ్ళ కాలం కావడంతో శుభలేఖల నడుమ మిషను ఖాళీ దొరికేది గురువారం సాయంత్రం ఒక్కటే. "ఐదింటికి ఫారం ఎక్కిస్త చెల్లె. గా పేజీ ఉన్నట్టా లేనట్టా, గాలోపట చెప్పాలె. ఎక్కినంక దేవుడు దిగొచ్చినా నేనేం చెయ్యలేను" అని కైలాసం తేల్చేశాడు.

ఇవాళే ఆ గురువారం.

మధ్యలో వచ్చి కలిసిన పాఠకులకు ఒక మాట చెప్పాలి. పద్మలతకు నలభై ఏళ్ళు. పదహారేళ్ళుగా జనగామ డిపోలో కండక్టరు. తరిగొప్పులలో బస్సు ఆగే పావుగంటలో టికెట్ రోలు ముక్క చించి, దాని వెనుక కవితలు రాసుకుంటుంది. ఆమె కవిత్వం ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కళ్ళు మూసుకుంటే చిన్నతనం కనపడేది. అమ్మ, అమ్మ చంక, ఏరు, అడవి, ఎండలో సుదీర్ఘమైన నడక. కనపడింది కనపడ్డట్టు రాసేది. అట్లా నలభై రెండు కవితలయ్యాయి. విన్నవాళ్ళందరూ "ఎంత మంచి తల్లి!" అన్నారు. ఆమె బస్సు నడిపే డ్రైవరు ఎల్లేశ్ ఉండబట్టలేక, ఆమె నెమలి కవిత చదువుతుండగా వీడియో తీసి, కింద ఆమె ఫోను నంబరు కూడా పెట్టి, తనకు తెలిసిన గ్రూపులన్నిటిలో వదిలాడు. అప్పటి నుంచి ముక్కూమొహం తెలియని ఊళ్ళ నుంచి ఫోన్లే ఫోన్లు.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మన పద్మలత రచ్చ గెలిచి ఇంట్లో దెబ్బతింది.

పొద్దున్నే డ్యూటీ మార్పించుకుని, ప్రూఫు కాగితాలు సంచిలో వేసుకుని మహబూబాబాద్ బస్సెక్కింది. ప్రయాణికురాలిగా కూర్చోవడం ఆమెకు చేతకాలేదు. పాలకుర్తిలో బస్సాగితే చెయ్యి దానంతటదే ఒళ్ళో లేని టికెట్ మిషను కోసం తడుముకుంది. తొర్రూరులో ఎవరో ముసలాయన దిగుతుంటే "జర నెమ్మది, నెమ్మది" అని అరిచింది, అసలు కండక్టరు గుర్రుగా చూశాడు. ఒక సీటులో కుదురుగా అరగంట కూర్చోలేదు. కిటికీ వైపు జరిగింది, ఇవతలికి జరిగింది, సంచి తీసి కాగితాలు చూసింది, మళ్ళీ పెట్టింది. కాలుకాలిన పిల్లిని బస్సులో కూర్చోబెడితే ఎట్లా ఉంటుందో అట్లా ఉంది. ఈ సందట్లో తెలియని నంబరు నుంచి మూడుసార్లు ఫోను వచ్చింది. మళ్ళీ ఎవరో కవితాభిమాని అనుకుని మూడుసార్లూ కట్ చేసింది. తప్పు చేసింది, కానీ ఆ తప్పు ఇంకాసేపటికి గానీ తెలియదు.

మహబూబాబాద్‌లో బస్సు మారి బయ్యారంలో దిగేసరికి ఒంటి గంట. ఇల్లు రోడ్డు మీదనే. ఇంటి వెనుక కల్లంలో ఎర్రగా మిర్చి ఆరబోసి ఉంది. చంద్రమ్మ ఆ ఎరుపు అంచున కూర్చుని, రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయలు ఏరి పక్క గంపలో వేస్తోంది. యుగేందర్ పొద్దున్నే తన ఎరువుల దుకాణానికి పోయాడు. కూలివాళ్ళు అన్నాలకు పోయారు. కల్లంలో తల్లి ఒక్కతే ఉంది.

"వచ్చినవా," అంది చంద్రమ్మ తలెత్తకుండా. "తిన్నవా?"

"నువ్వు తిన్నవా?"

"నా తిండి సంగతి ఎందుకు గని, కాయ తొక్కకు. పక్కపొంటి రా."

పద్మలత వచ్చి ఎదురుగా కూర్చుంది. మిర్చి ఘాటుకు తుమ్ము వచ్చింది. ఇంటి నుంచి కట్టుకుని వచ్చిన మాటలన్నీ ఆ తుమ్ముతో చెదిరిపోయాయి.

"అమ్మా, తిట్టు. కొట్టు. గని గా కవితల ఏం తప్పు రాసిన్నో చెప్పు. ఐదింటికి కైలాసమన్న మిషన్ల కాయితం పెడ్తడు. తియ్యమంటే తీస్త. ఎందుకు తియ్యాల్నో తెల్వకుంట మాత్రం తియ్య."

చంద్రమ్మ చేతిలో కాయ కింద పడేసింది. ఎడమ రైక చెయ్యి భుజం దాకా పైకి లాగింది. తర్వాత కుడిది లాగింది. రెండు చేతులూ బిడ్డ ముందు చాపింది.

"సూడు. యాడున్నది నెమలి?"

చూడటానికేముంది? రెండు చేతుల మీదా ఎండకు మాడిన చర్మం, ఒకచోట టీకా మచ్చ, ఒకచోట నూనె చుక్క పడి కాలిన గుర్తు. పచ్చబొట్టు లేదు. ఎన్నడూ లేదు.

మీరు అడగొచ్చు, నలభై ఏళ్ళ మనిషికి కన్నతల్లి చేతి మీద పచ్చబొట్టు లేదన్న సంగతి తెలియదా అని. తెలుసు. రోజూ అన్నం పెట్టిన చెయ్యి తెలియకపోవడమేమిటి? కానీ కళ్ళు మూసుకున్నప్పుడు కనపడే చేతినీ, కళ్ళు తెరిస్తే కనపడే చేతినీ ఆమె ఏనాడూ పక్కపక్కన పెట్టి చూసుకోలేదు. అప్పట్లో ఉండేదేమో, పోయిందేమో అని ఎప్పుడో ఒకసారి సర్దిచెప్పుకుంది. మనిషితో పాటు కట్టెల్లోకి పోయేదాకా పచ్చబొట్టు పోదని చిన్నపిల్లకు కూడా తెలుసు. పద్మలతకూ తెలుసు. తెలిసీ రాసుకుంటూ పోయింది.

"గది మళ్ళొకసారి సదువు," అంది చంద్రమ్మ.

పద్మలత కాగితం తీసింది.

"అమ్మ విసురుతుంటే
మోచేతి మీద నెమలి
ముందుకొకసారి, వెనక్కొకసారి,
జొన్నలన్నీ పిండి అయ్యేదాకా తిరిగేది.
అలసిపోయి
చివరికి నెమలి పడుకునేది,
దాని మీద నా చెంప."

చంద్రమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. మిర్చి కల్లంలో ఎవరు ఎందుకు కళ్ళు తుడుచుకుంటున్నారో చెప్పడం కష్టం.

"ఇంక ఎన్నున్నయి గసొంటియి? అన్ని సదువు."

పద్మలత చదివింది. నడుముకు చీరచెంగుతో కట్టుకుని బిడ్డను గోదావరి పాయ దాటించిన అమ్మ కవిత చదివింది.

"గిది నేను కాదు," అంది చంద్రమ్మ, ఒక తాలుకాయ గంపలో వేస్తూ. "నీ పెండ్లయినంక పుష్కరాలకు పోయి చూసిన గోదారిని. గంతకుముందు నాకు తెల్వది."

తెల్లవారుజామున ఇప్పపూలు ఏరే అమ్మ కవిత చదివింది.

"నేను కాదు."

తునికాకు కట్టలు కడుతూ ఊపిరి తిరగకుండా పాడే అమ్మ కవిత చదివింది.

"నాకు పాట రాదు. నా గొంతు నీకెరుకే కదా, బర్రెను అదిలిస్తే కుక్కలు ఉరుకుతయి. నేను కాదు."

మామూలుగానైతే ఇద్దరూ నవ్వేవాళ్ళు. ఎవరూ నవ్వలేదు. ఒక్కొక్క కాగితం చదువుతుంటే ఒక్కొక్క కాయ గంపలో పడుతోంది. జ్వరానికి అరికాళ్ళు రాసిన అమ్మ, వానలో తన మీద విస్తరాకు గొడుగు పట్టిన అమ్మ, ఎలుగ్గొడ్డును చూసి బిడ్డ నోరు మూసి చెట్టు చాటున నిలబడ్డ అమ్మ. నేను కాదు, నేను కాదు, నేను కాదు. పదహారో పదిహేడో కవిత దగ్గరికి వచ్చేసరికి పద్మలత కాగితాలు ఒళ్ళో పెట్టేసింది. ఇన్నేళ్ళుగా తాను ఎవరిని రాస్తోంది?

"ఎవలమ్మా గామె?"

ముప్పై ఆరేళ్ళుగా ఆ ఇంట్లో ఎవరినీ పలకనివ్వని పేరు అది. పలకనని మొగునితో ఒట్టు వేయించుకున్న పేరు. ఆ మొగుడు సోమనర్సయ్య ఆ ఒట్టును ఆరేళ్ళ కింద తనతోపాటే కాటికి తీసుకుపోయాడు.

"గంగి," అంది చివరికి. "మహదేవపూర్ గంగి."

తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. చెబుతున్నంతసేపూ చేతులు కాయలు ఏరుతూనే ఉన్నాయి.

"నువ్వు ఏడు నెలల పిల్లవు. నాకు దగ్గు. ఉమ్మితే నెత్తురు. హన్మకొండ దవాఖానల టీబీ అన్నరు, బిడ్డను దగ్గరికి రానియ్యద్దన్నరు. పాలియ్యద్దు, ముద్దువెట్టద్దు, ఒక్క ఇంట్ల పండద్దు. మా అవ్వ లేదు, మీ నాయినమ్మ లేదు. మీ బాపు అప్పుడు ఎండకాలం మహదేవపూర్ల తునికాకు కల్లం కాడ గుమాస్తా. గాడ ఆకు తెచ్చే ఆడామె, గంగి. బాలింత. పుట్టిన పిల్ల పది దినాలకే పోయింది. పాలు ఆగుతలెవ్వు, రైక తడుస్తాంది, ఏడుస్తాంది. మీ బాపు నిన్ను తీస్కపోయి ఆమె ఒళ్ళె ఏసిండు. ఆర్నెల్లు అన్నడు. నేను నడుమ సూదులు బందు వెట్టిన, రోగం మళ్ళ మొదటికి వచ్చింది. ఆర్నెల్లు కాస్త నాలుగేండ్లయినయి."

"నాలుగేండ్లా?"

"నాలుగేండ్లు. బతుకుతనని నాకే నమ్మకం లేదు. బతికినంక నా బిడ్డ నాకు గావాలె అని పోయిన. మీ బాపు, నేను ఇద్దరం పోయినం. నువ్వు నన్ను సూసి ఆమె కుచ్చిళ్ళల్ల దాసుకున్నవ్. 'ఎవలవ్వా గీమె' అని ఆమెను అడిగినవ్. నా ముంగటనే అడిగినవ్."

చంద్రమ్మ ఆగింది. ముక్కు చీదింది.

"నువ్వు రావని ఆమె గూడ మాతోని బస్సెక్కింది. తను గూడ వస్తున్నట్టు. నిన్ను ఒళ్ళె పండవెట్టుకొని గా నెమలి చెయ్యి నీ తల కింద వెట్టింది. పరకాలల బస్సాగింది. నువ్వు నిద్రల ఉన్నవ్. మెల్లగ, ఎంత మెల్లగనో, చెయ్యి గుంజుకుంది. నీ తల నా తొడ మీద వెట్టింది. ఎనుక తలుపుల నుంచి దిగిపోయింది. ఎనుకకు మళ్ళి సూడలే."

బస్సులో ఎంత గాఢంగా నిద్రపోయినా, బస్సు ఆగితే చాలు ఉలిక్కిపడి లేస్తుంది పద్మలత. కండక్టరు ఉద్యోగం వల్ల పట్టుకున్న అలవాటనుకుంది. ఉద్యోగం రాకముందు కూడా ఆ అలవాటు ఉందని ఇప్పుడు గుర్తొచ్చింది.

"నాకెందుకు చెప్పలే అమ్మా? ఒక్కసారన్న ఎందుకు చెప్పలే?"

"ఎందుకు చెప్పాలె?" చంద్రమ్మ గొంతు మొదటిసారి లేచింది. "నువ్వు మూడు నెలలు నన్ను అమ్మా అనలే. నేను ముద్ద వెడితే ఉమ్మేసినవ్. మరిపిచ్చిన. కష్టపడి మరిపిచ్చిన. పదేండ్లకు, ఇరువై ఏండ్లకు, ఇగ మరిచిపోయింది నా బిడ్డ అనుకున్న. నువ్వు మరువనే లేదు. దాసిపెట్టుకొని దాసిపెట్టుకొని పుస్తకం చేసినవ్. పుస్తకం నిండ అమ్మ, అమ్మ, అమ్మ. అండ్ల నేను యాడున్న? నలభై రెండున్నయి అంటివి కదా. ఒక్కదాంట్ల చూపియ్యి నన్ను."

పద్మలత గబగబా కాగితాలు తిరగేసింది. ఎర్రమట్టి గుట్ట కవిత? అందులో మనుషులు లేరు. పెద్ద చెరువు? అందులో బాపు ఉన్నాడు. తమ్ముడు పుట్టిన రోజు? అందులో మంత్రసాని ఉంది, గుడిసె ఉంది, అమ్మ మాత్రం తడిక అవతల ఒక మూలుగు. తిరగేస్తూ తిరగేస్తూ చివరి కాగితం దాకా వచ్చింది. కూతురు తల్లిని వెతుక్కుంటోంది, ఆ తల్లి ఎదురుగానే కూర్చుని ఉంది. అంతకంటే సిగ్గు ఏముంటుంది?

చివరి కవిత పేరు 'తలుపు'. అది అమ్మ మీద రాసింది కాదు. చిన్నప్పుడు ఎవరో బంధువుల ఇంట్లో జరిగిందనుకుంది. ఎవరో మేనత్తో, పెద్దమ్మో అనుకుంది. అయినా చేతిలో మిగిలింది అదొక్కటే కాబట్టి చదివింది.

"గొళ్ళెం పడ్డ చప్పుడు
ఇంకా నా అరచేతుల్లో ఉంది.
లోపల నేను.
అవతల ఎవరో మనిషి.
తలుపు సందులోంచి చూశాను,
ఆమె ఏడుస్తూ నిలబడింది,
నాకంటే ఎక్కువసేపు."

చంద్రమ్మ చేతులు ఆగిపోయాయి. అంతసేపటికి మొదటిసారి ఆగిపోయాయి.

"గిది నేను," అంది.

పద్మలత కాగితం నుంచి తలెత్తింది.

"గిది నేనే. తీస్కచ్చిన తెల్లారి నువ్వు రోడ్డెంబడి ఉరికినవ్, బస్సెక్కి పోత అని. పట్టుకొచ్చిన. మళ్ళ ఉరికినవ్. లారీలు తిరిగే తొవ్వ. లోపట ఏసి గొళ్ళెం పెట్టిన. పొద్దంత తలుపు గుద్దినవ్. అరిచేతులు ఎర్రగయినయి." ఆమె గొంతు చిన్నదైపోయింది. "నేను ఏడ్సింది నీకు కనవడ్డదా?"

"కనవడ్డది."

"నేను గోడ దిక్కు మళ్ళి ఏడ్సిన అనుకున్న."

ఇద్దరి మధ్యా మిర్చి, ఎండ. కళ్ళు తుడుచుకుందామంటే ఇద్దరి చేతులకూ కారమే. పద్మలత మోకాళ్ళ మీద జరిగి వచ్చి తల్లి మోకాలి మీద తల ఆనించింది. చంద్రమ్మ జరగలేదు, దగ్గరకూ తీసుకోలేదు.

"తీసేస్త అమ్మా. నెమలిది తీసేస్త. పుస్తకానికి ఇంకో పేరు పెడ్త. అట్ట చింపి పారేస్త."

"మరి తలుపుది?"

"అది గూడ తీసేస్త."

"అది ఎందుకు తీసుడు? అది నిజం. జరిగింది. లోకం నన్ను ఏమన్న అనుకోనీ, జరిగినదాన్ని లేదంటనా?"

పద్మలత తలెత్తి చూసింది. అనాలా వద్దా అని ఒక క్షణం ఊగింది. అనేసింది.

"నెమలిది గూడ జరిగిందే కదమ్మా."

చంద్రమ్మ రోడ్డు వైపు చూసింది. తర్వాత, ఎవరితోనో తగువు తీర్చుకుంటున్నట్టు అంది:

"రెండుసార్లు తలుపేసిన నేను. ఒకటి నువ్వు రాసినవ్. రెండోది నీకెరుక లేదు. నీ పెండ్లినాడు గంగి వచ్చింది. ఎవలు చెప్పిన్రో ఏమో. నెత్తి మీద మూట. ఒడిబియ్యం తెచ్చింది నీకు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రైకముక్క, అన్ని ఉన్నయి. పందిరి గుంజ కాడనే ఆపిన. 'ఒడి నింపేది తల్లి. ఈడ తల్లిని నేనున్న' అన్న. మారు మాటాడలే. గా మూట నెత్తికెత్తుకొని ఎట్లొచ్చింది అట్లనే పోయింది. నీళ్ళు గూడ తాగుమనలే నేను."

పద్మలతకు కోపం వచ్చింది. దాచడమెందుకు, కడుపులోంచి వచ్చింది. అంతవరకూ తల ఆనించిన మోకాలి నుంచి వెనక్కి జరిగింది. పద్దెనిమిదేళ్ళ కిందటి ఆ పందిట్లో తాను పట్టుచీర కట్టుకుని కూర్చుని ఉంది. ఇరవై అడుగుల దూరంలో ఆ చెయ్యి వచ్చి తిరిగి వెళ్ళిపోయింది. ఏదో అనబోయింది.

ఫోను మోగింది. పొద్దుటి నుంచి మూడుసార్లు కట్ చేసిన నంబరే. ఈసారి ఎత్తింది.

"అక్కా, నువ్వేనా గా నెమలి కవిత సదివింది?" అవతల ఆడగొంతు, ఏడ్చి ఏడ్చి బొంగురుపోయి ఉంది. "నేను రేణుకను, మహదేవపూర్ నుంచి. గంగి బిడ్డను. మా అవ్వ నీ తాన్కి అచ్చిందా?"

పద్మలత లేచి నిలబడింది.

"లేదు. ఎందుకు? ఏమైంది?"

"మూడు దినాల సంది ఆ వీడియో పెట్టించుకొని సూస్తనే ఉన్నది. నా బిడ్డే, నా బిడ్డే అన్నది. పొద్దుగాల నేను పత్తికి పోయినంక, ఇంట్లున్న బియ్యం మూట కట్టుకొని మొదటి బస్సెక్కిందట. ఒడిబియ్యం పొయ్యవోతున్న అని పక్కింటోళ్ళకు చెప్పింది. ఆమె ఒక్కతె భూపాలపల్లి దాటి ఎన్నడు పోలే అక్కా, నీ పెండ్లప్పుడు తప్ప. ఫోను లేదు. ఉత్త ఆధార్ కార్డున్నది. కండ్లు గూడ సరిగ ఆనవు. నీకు ఎన్నిసార్లు చేసిన, నువ్వు ఎత్తలే."

అప్పటికి టైము రెండూ నలభై. మొదటి బస్సంటే పొద్దున ఆరింటిది. పద్మలత మనసులో మహదేవపూర్ నుంచి జనగామ దాకా స్టాపులన్నీ గిర్రున తిరిగాయి. ఎక్కడ బస్సు మారినా హన్మకొండలో మారకతప్పదు. రేణుకకు మళ్ళీ చేస్తానని చెప్పి, హన్మకొండ బస్టాండు ఎంక్వైరీలో కూర్చునే గీతకు ఫోను కలిపింది. గీత ఒకప్పుడు జనగామ డిపోలోనే పనిచేసింది.

"ముసలామెనా?" అంది గీత. "అక్కా, ఆడోళ్ళకు పైస లేకుంట జీరో టికెట్లు వచ్చినకాంచి గంటకు రెండొందల మంది ముసలోళ్ళు దిగుతున్నరు ఈడ. ఎట్లుంటది? గుర్తు చెప్పు."

పద్మలత చెప్పబోయింది. మోచేతి మీద నెమలి, అంది మనసులో. ఆ తర్వాత? ఆ చేతికి పైన ఒక మనిషి ఉండాలి. ఆ మనిషికి ఒక మొహం ఉండాలి. కళ్ళు గట్టిగా మూసుకుంది. చెయ్యి కనపడింది, తిరగలి కనపడింది, చీర అంచు కనపడింది. పదిహేడు కవితలు రాయించుకున్న మనిషి మొహం ఒక్కటి కనపడలేదు.

"అక్కా, లైన్ల ఉన్నవా? గుర్తు చెప్పు."

చంద్రమ్మ లేచి వచ్చి బిడ్డ చేతిలోంచి ఫోను తీసుకుంది.

"ఇగో బిడ్డా, నేను చెప్త రాస్కో," అంది. "సన్నగ ఉంటది. నాకంటె జానెడు పొడుగు. ఎడమ కనుబొమ్మ నడుమకు తెగి ఉంటది, కట్టె గీరుకున్నది. నవ్వితే కింది పన్ను ఒకటి అడ్డం కనవడుతది, ఇప్పుడున్నదో ఊడిందో. మాట్లాడేటప్పుడు కొంగు కొస వేలికి చుట్టుకుంటది, ఇప్పుతది, మళ్ళ చుట్టుకుంటది. కుడికాలు జరంత ఈడుస్తది. నిండ చేతుల రైక తొడుగుతది, నెమలి కనవడది, అడిగితె చూపిస్తది. నెత్తి మీద మూట ఉన్నా ఎవలకు మొయ్యనియ్యది."

ఆమె చెబుతూనే ఉంది. జీవితంలో రెండంటే రెండుసార్లు చూసిన మనిషిని, తలుచుకోవద్దని ఒట్టు పెట్టుకున్న మనిషిని, గోరు గోరూ వెంట్రుక వెంట్రుకా చెబుతోంది. పద్మలత నోరు తెరుచుకుని వింటోంది. తాను రాసిన చేతికి మొహం వస్తోంది, అదీ ఎవరి నోటి నుంచి! ఇందాకటి కోపం ఎటు పోయిందో ఆమెకే తెలియలేదు.

అవతల గీత ఒక్కసారిగా అరిచింది. స్పీకరు లేకున్నా పద్మలతకు వినపడింది.

"అమ్మా! కొంగు వేలికి చుట్టుకునే ఆమెనా? పదకొండింటికి నా కౌంటర్ కాడికే వచ్చింది. జనగామ బస్సు చూపియ్యనా అంటే వద్దన్నది. బయ్యారం తొవ్వ అడిగింది. నేనే మహబూబాబాద్ బస్సెక్కిచ్చిన, ఆడ బయ్యారం బస్సు ఎక్కియ్యమని కండక్టర్‌కు గూడ చెప్పిన."

"బయ్యారమా?" అంది చంద్రమ్మ. "బిడ్డ ఉన్నది జనగామల కదా. ఈడికెందుకు?"

"నేను గదే అడిగిన. 'ముందుగాల తల్లిని అడగాలె బిడ్డా. తల్లి సరే అంటెనే బిడ్డ ఒడి నింపుత. పోయినపాలి అడగకపోయిన, గది నా తప్పు' అన్నది."

చంద్రమ్మ చెయ్యి ఫోనుతో సహా కిందికి వాలిపోయింది.

అప్పుడే రోడ్డు మలుపులో మహబూబాబాద్ నుంచి వచ్చే మూడు గంటల బస్సు హారను వినిపించింది. పదహారేళ్ళు బస్సులో బతికిన చెవి పద్మలతది. బ్రేకు పడుతున్న చప్పుడును బట్టి, సరిగ్గా తమ ఇంటి ఎదుట ఆగుతోందని తెలిసిపోయింది. చంద్రమ్మ ఫోనును బిడ్డ చేతిలో పెట్టింది. కారం చేతులు కడుక్కోలేదు, జారిన కొంగు సర్దుకోలేదు. ఆరబోసిన కాయల మీది నుంచే, తొక్కొద్దని బిడ్డను అదిలించిన ఆ కాయల మీది నుంచే తొక్కుకుంటూ, వెనుక గుమ్మంలోంచి ఇంట్లోకి నడిచింది.

"అమ్మా!" అంది పద్మలత.

చంద్రమ్మ ఆగలేదు.

చేతిలో ఫోను మళ్ళీ మోగింది. తెర మీద కైలాసం పేరు. మిషను ముందుగానే ఖాళీ అయినట్టుంది. పద్మలత ఎత్తలేదు. ఆమె చెవులన్నీ ఇంటి లోపలే ఉన్నాయి. చీకటి గదిలో అడుగుల చప్పుడు ముందు తలుపు దాకా పోయి ఆగింది. రోడ్డు మీద బస్సు మళ్ళీ కదిలింది. ఆ వెనుకే, ఒక కాలు ఈడుస్తున్న నడక.

లోపల గొళ్ళెం చప్పుడైంది. తీసినా, పెట్టినా ఆ గొళ్ళెం చప్పుడు ఒక్కటే.